క్లెమ్ కలిపిన మూడు నిమిషాలు

ఆదివారం ఉదయాల్లో మా రేవులోని ఫిషింగ్ క్లబ్ షెడ్‌లో నేను జీపీఎస్ పాఠాలు చెబుతాను. వచ్చేవాళ్లంతా సెలవురోజు పడవవాళ్లే. వేలు పోసి యంత్రం కొంటారు గాని దానితో వచ్చిన పుస్తకం తెరిచిన పాపాన పోరు. నా స్నేహితుడు క్లెమ్ పోయిన నాలుగో నెలలో అతని భార్య జాయిస్ వచ్చి వెనక వరసలో కూర్చుంది. అందరూ వెళ్లేదాకా ఆగి, గిన్నెలు తుడిచే గుడ్డలో చుట్టి తెచ్చిన క్లెమ్ యంత్రాన్ని నా బల్ల మీద పెట్టింది.

"మెర్వ్, వేపాయింట్ అంటే ఏంటి? ట్రాక్ అంటే ఏంటి?"

"ఇప్పుడవన్నీ నీకెందుకు జాయిస్?"

"ఆ రోజు రక్షణ పడవవాళ్లకి అంకెలు చదివింది నేను. తప్పు చదివానేమో. కన్ను మూస్తే అదే గుర్తొస్తోంది. నసక్కుండా చెప్పు."

ఆ రోజు క్లెమ్ ఒక్కడే స్నాపర్ చేపలకి వెళ్లాడు. పదకొండున్నరకి రేడియోలో "ఛాతీలో బాగాలేదు" అన్నాడు, అంతటితో మాట తెగిపోయింది. అతని రేడియోలో మాట పంపే మీట పాతబడిపోయింది. వినబడడం మాత్రం బాగానే వినబడుతుంది. రక్షణవాళ్లు ఇంటికి ఫోన్ చేస్తే, ఫ్రిజ్ పక్కన వేలాడే నోటుబుక్కులోంచి జాయిస్ అతని చేపల చోటు చదివి చెప్పింది. వాళ్లు పొగమంచులో అక్కడికే వెళ్లారు. అక్కడ పడవా లేదు, మనిషీ లేడు. రెండున్నరకి వేరేచోట దొరికాడు. అప్పటికే ప్రాణం పోయింది.

మా రేవులో చేపనిస్తారు గాని చేప దొరికే చోటివ్వరు. కట్టుకున్న పెళ్లానికైనా సరే. ఎవడైనా తిరగేస్తాడని పుస్తకంలో దొంగ అంకె రాసి, అసలుది బుర్రలో పెట్టుకుంటారు. క్లెమ్ అక్షాంశానికి మూడు నిమిషాలు కలిపి రాసేవాడు. నిమిషానికో సముద్రపు మైలు చొప్పున, మాది దక్షిణార్ధగోళం గనక దక్షిణంగా మూడు మైళ్లు తేడా. ఆ తెలివి నేర్పిన మహానుభావుణ్ణి నేనే.

యంత్రం ఆన్ చేశాను. "వేపాయింట్ అంటే మనం గుర్తు పెట్టుకున్న చోటు. ట్రాక్ అంటే పడవ నిజంగా నడిచిన దారి. టైముతో సహా ఉంటుంది."

జాయిస్ కళ్లజోడు సర్దుకుని గీత మీద వేలు పెట్టింది. "ఇక్కడ లంగరేశాడు. పదకొండూ యాభైకి కదిలాడు. ఇల్లు ఉత్తరాన ఉంటే ఈ మనిషి దక్షిణానికి పోయాడేంటి?"

నాకు చూడగానే తెలిసిపోయింది. రక్షణ పడవ ఆ అంకెలనే రేడియోలో పదేపదే చెప్పింది. క్లెమ్ విన్నాడు. కాదని చెప్పే దారి లేదు. ఇల్లు పన్నెండు మైళ్లు, తనకోసం వెతికేవాళ్లు మూడు మైళ్లు. గుండె పట్టుకుని, ఇంజిన్ నెమ్మదిగా నడుపుకుంటూ, తను రాసిన అబద్ధం దగ్గరికే బయల్దేరాడు. ఇంకో మైలుందనగా గీత ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

"నువ్వు సరిగ్గానే చదివావు జాయిస్. రాసినవాడే తప్పు రాశాడు. అలా రాయమని నేర్పింది నేను." గీత ఎందుకు దక్షిణానికి పోయిందో కూడా చెప్పాను.

"అయితే నేను కాదు," అంది జాయిస్, కళ్లు తుడుచుకుంటూ. "నావల్ల కాదు."

అక్కడితో నోరు మూసుకుంటే నాకు మంచి పేరే మిగిలేది. మూసుకుని ఒకసారి చేసింది చాలు.

"నేనూ ఆ రోజు రేడియో దగ్గరే ఉన్నాను. తప్పు అంకెలని తెలుసు. ఊరంతా వింటుంటే క్లెమ్ చోటు బయటపెట్టడమేంటని ఆగాను. ఏం కాదులే, వాళ్లే వెతుక్కుంటారులే అనుకున్నాను."

"ఎంతసేపు ఆగావు?"

"ఒకటిన్నర దాకా. అప్పుడు చెప్పాను."

ఆమె మళ్లీ యంత్రం మీదికి వంగి, గీత చివర ఉన్న టైము చదివింది.

"ఒంటిగంటా పదికి ఆగిపోయాడు," అంది. "అప్పటికింకా నువ్వు చేపల చోటు కాపాడుతున్నావు."