ఫాల్స్ అక్క టీవీ

సీతాఫల్‌మండిలో రైలు పట్టాలవైపు దిగే సందులో ఫాల్స్ అక్క ఇల్లెక్కడని అడిగితే పాలు మరవని పిల్లలు కూడా చూపిస్తారు. కల్పలత ఇల్లెక్కడని అడిగితే మాత్రం పెద్దవాళ్ళు కూడా తెల్లమొహం వేస్తారు. ఇద్దరూ ఒకరేనని వాళ్ళకు తెలియదు మరి. పొద్దున లేచింది మొదలు చీరల అంచులకు ఫాల్స్ కుట్టడమే ఆమె పని. మ్యాచింగ్ సెంటర్ నుంచి వచ్చే ప్రతి చీరకూ పేరు రాసిన చీటీ గుచ్చి ఉంటుంది. సుకన్య, మెహనాజ్, జెనిఫర్, ఇలా ఊళ్ళో ఆడవాళ్ళ పేర్లన్నీ ఆమె చేతుల మీదుగా వెళ్తాయి. ఆమెను పేరుపెట్టి పిలిచే నోరు మాత్రం తల్లితోనే పోయింది. ఆ తల్లి వదిలివెళ్ళిన డబ్బా టీవీ ఒక్కటే ఇంట్లో తోడు.

ఎన్నికల ముందు నాయకులు ఇంటర్వ్యూలిస్తుంటే అందరి ఇళ్ళలోనూ జనం టీవీకేసి చెయ్యూపి నిలదీస్తారు. నాయకుడు తన ధోరణిలో తాను పోతూనే ఉంటాడు. ఫాల్స్ అక్క టీవీలో అలా కాదు. ఇక్కడివాళ్ళు ఏదైనా అడిగితే నాయకుడు యాంకర్‌ను ఒక్క నిమిషం ఆగమని, ఇటు తిరిగి జవాబు చెబుతాడు. ఓట్లు పడ్డాక మళ్ళీ ఒక్క మాటా వినిపించుకోడు. డిష్ బాగుచేసే రియాజ్ ఓసారి వైర్లన్నీ చూసి, "కనెక్షన్ మంచిగనే ఉందక్కా. ఓట్లయినంక ఆళ్ళకే ఇనపడది," అని తేల్చేశాడు. అది న్యాయమైన మాటేనని అందరూ ఒప్పుకున్నారు.

అందుకని ఎన్నికలొస్తే ఆ ఒంటి గది పెళ్ళివారిల్లయ్యేది. ఎవరి ప్లాస్టిక్ కుర్చీ వాళ్ళు తెచ్చుకునేవాళ్ళు. పక్కింటి నూర్‌బీది ఎప్పుడూ ముందు వరుసే. ఆటో నడిపే చాంద్‌పాషా కుర్చీ గడపకు అడ్డం. కల్పలతకు నాయకులతో ఏం పని? ఆ కుర్చీల చప్పుడంటేనే ఆమెకు ప్రాణం. అయితే ఆమె చాయ్ మరిగించి పట్టుకొచ్చేసరికి ఇంటర్వ్యూ అయిపోయేది. జనం నిలబడే తాగి, "చాయ్ జబర్దస్త్ అక్కా," అంటూ కుర్చీలెత్తుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

ప్రచారం ముగిసే సాయంత్రం సత్యదేవ్ అనే చిన్న పార్టీ నాయకుడి వంతు వచ్చింది. అదే ఆఖరి ఇంటర్వ్యూ.

"సారూ, నల్లాల నీళ్ళు ఎర్రగొస్తున్నయ్. ఎన్నొద్దులు పరేషాన్ కావాలె?" అని నూర్‌బీ మొదలుపెట్టింది.

"గెలిపించుండ్రి, పైపులన్ని మారుస్తనమ్మా," అన్నాడు సత్యదేవ్.

"మరి ఇండ్ల ముందల పొంగే మోరీ?" అన్నాడు చాంద్‌పాషా.

"మోరీ సుత."

"పోయినసారొకాయన గదే కుర్చీల కూసొని గదే చెప్పిండు సారూ!"

సత్యదేవ్ మొహం తుడుచుకుని మంచినీళ్ళు తాగాడు. గదంతా గొల్లుమంది. ఆ రోజు కల్పలత చాయ్‌ని పొయ్యి మీదే వదిలేసి వచ్చింది.

"నేనొకటి అడగాలె," అంది. అందరూ వెనక్కి తిరిగి చూశారు. "ఓట్లయినంక సుత వస్తరా?"

నవ్వులు ఆగలేదు. సత్యదేవ్ మాత్రం నవ్వకుండా, "వస్తనమ్మా," అన్నాడు.

"అందరు గిట్లనే అంటరక్కా," అన్నాడు చాంద్‌పాషా. నిజానికి ఆమె అడిగింది గదిలో ఉన్నవాళ్ళందరినీ. జవాబు చెప్పింది టీవీలో ఉన్నాయన ఒక్కడే.

ఓటు వేయడమంటే కల్పలతకు పండగ. బూత్‌లో మొదటి బల్ల దగ్గర కూర్చున్నాయన, ఏజెంట్లకు వినపడేలా ఓటరు పేరు గట్టిగా చదువుతాడు. నలుగురిలో ఆమె పేరు మోగేది అక్కడే. తలంటుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళింది. ఉక్కపోతకు విసిగిపోయి ఉన్నాడేమో, ఈసారి అతను వరుస నంబరు ఒక్కటే చదివాడు. ఆమె కదల్లేదు.

"పేరు, సార్..." అంది.

"పేరుందమ్మా, ఉంది. జెర నడువు, ఎనక లైనుంది."

వేలికి సిరా పెట్టించుకుని, బటన్ నొక్కి, ఇంటికొచ్చి ఏడ్చింది. ఇంత చిన్నదానికి ఎవరైనా ఏడుస్తారా అంటే, ఒంటరి మనుషులు ఏడుస్తారు.

ఫలితాలొచ్చాయి. సత్యదేవ్‌కు డిపాజిట్ కూడా దక్కలేదు. ఏరు దాటాక తెప్ప తగలేయడం నాయకులకే కాదు, ఇరుగుపొరుగుకూ చేతనవును. ఒక్క కుర్చీ కూడా మళ్ళీ ఆ గడప తొక్కలేదు. కల్పలత టీవీ తీగ పీకేసి, దానిమీద పాత చీర ముక్క కప్పేసింది.

ఓ సాయంత్రం దీపం పెట్టి సూదిలో దారం ఎక్కిస్తుంటే, ఆ గుడ్డ కింద ఎవరో దగ్గారు. తీసి చూసింది. సత్యదేవ్. యాంకర్ లేడు, లైట్లు లేవు. నలిగిన చొక్కాకు మైకు మాత్రం ఇంకా వేలాడుతోంది.

"వస్తనన్న గదమ్మా," అన్నాడు. "జెర ఆలస్యమైంది. ఇప్పుడు నన్ను ఏ చానలోళ్ళు సుత పిలుస్తలేరు."

"తిన్నరా?" అని అడిగింది కల్పలత.

ఆయన తల వంచుకున్నాడు. ఆమె చాయ్ పెట్టి, ఒక కప్పు తెచ్చి టీవీ ముందుంచింది. ఆవిరికి అద్దం మసకబారితే ఆయన లోపలినుంచి అరచేత్తో తుడిచాడు. కాసేపటికి కప్పు ఖాళీ అయింది.

"ఆ దినం మీ ఇంట్ల అంతసేపు మాట్లాడిన. నీ పేరే అడగలే. పేరేందమ్మా?"

"ఫాల్స్..." అని ఆగిపోయింది. గొంతు సవరించుకుంది. "కల్పలత."

"కల్పలతమ్మా!" అన్నాడాయన. మైకు లేకుండా సభలు నడిపిన గొంతు అది. గిన్నెలు మోగాయి. కల్పలతకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

గోడవతల గరిటె చప్పుడు ఆగిపోయింది.

"అక్కా!" నూర్‌బీ కేకేసింది. "గీ కల్పలత ఎవరు?"

"నేనే, నూర్‌బీ," అంది. వినపడలేదేమోనని మళ్ళీ గట్టిగా, "నేనే!"

అవతల గరిటె గిన్నెలో పడింది. తర్వాత నేలమీద ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకొస్తున్న చప్పుడు గడపదాకా వచ్చింది.