గాజు మీద సున్నం

గ్రీసు దేశంలోని మా క్రీట్ దీవి దక్షిణపు ఒడ్డున ఎండకు కొదవ లేదు. ఊళ్లో ప్రతి మిద్దె మీదా సోలార్ హీటరు ఉంది, మాకు తప్ప. మా ఆవిడ ఆర్గిరో ఒప్పుకోలేదు. పొయ్యి మీద కాగినవే నీళ్లంటుంది.

ఈ చలికాలం ఆమె వేళ్లు మరీ బిగుసుకుపోయాయి. పొద్దున్నే వేడినీళ్లలో పెడితేగాని పిడికిలి తెరుచుకోదు. నేనేమో తెల్లారకముందే టమాటాలు పెంచే గాజు షెడ్లకు పోతాను. కట్టెలు ఎత్తడం ఆమెకు చేతకావడం లేదు. చివరికి సరే అంది.

హీటరు బిగించడానికి ఆమె అన్న కొడుకు సీఫిస్ వచ్చాడు. గాజు మూత ఉన్న నల్లటి పలకను సముద్రం వైపు వాల్చాడు. నీళ్ల పీపాను దానికి పైన బిగిస్తున్నాడు.

"కింద పెట్టు. గాలికి పడుతుంది" అన్నాను.

"కింద పెడితే నీళ్లు తిరగవు మావయ్యా. పలకలో వేడెక్కినవి పీపాలోకి ఎక్కుతాయి, చల్లనివి పలకలోకి దిగుతాయి."

"మోటారేది?"

"లేదు."

"మరి తోసేదెవరు?"

"నువ్వు ద్రాక్షసారా కాచేటప్పుడు ఆవిరిని ఎవరు తోస్తారు?"

నేను పీపాకి ఒక పక్క పట్టుకున్నాను.

"ఏడాదికి సరిపడా మాటలు నీతోనే అయిపోయాయిరా మీ మావయ్యకి" అని మెట్ల కింద నుంచి ఆర్గిరో అంది. "ఈస్టరు పండక్కి నేను జున్ను కజ్జికాయలు చెయ్యాలి. వేడినీళ్లు రాకపోతే దీన్ని దింపేసి కోళ్లగూటి మీద పెట్టండి."

"వస్తాయి అత్తా. వేసవిలో నువ్వే జాగ్రత్తగా ఉండాలి, చెయ్యి కాలిపోతుంది."

వచ్చాయి. ఆర్గిరో చేతులు ముంచి కళ్లు మూసుకుంది, మెచ్చుకోలేదు. మొదట్లో నేను రోజూ మిద్దె ఎక్కి రెండు గొట్టాలూ పట్టుకుని చూసేవాణ్ని. పైది వేడి, కిందిది చల్లన. లోపల నీళ్లు నడుస్తున్నాయి. ఎవరూ తొయ్యకుండానే. నా చెయ్యి అక్కడి నుంచి వచ్చేది కాదు.

ఈస్టరు ముందు శ్రమల వారంలో మా ఆడవాళ్లు గోడలకీ, మెట్లకీ, చెట్ల మొదళ్లకీ సున్నం వేస్తారు. ఏళ్ల తర్వాత ఈసారి ఆర్గిరో కుంచె తానే పట్టింది. వేళ్లు తిరుగుతున్నాయి మరి.

ఆ తర్వాతి పొద్దున నీళ్లు చల్లగా వచ్చాయి. మర్నాడూ అంతే. ఆమె పిడికిలి మళ్లీ ముడుచుకుంది.

"చూశావా నీ సూర్యుణ్ని" అంది.

సీఫిస్ వేరే ఊళ్లో పనిలో ఉన్నాడు, పండగయ్యాకే వస్తానన్నాడు. కజ్జికాయల పిండి కలిపే రోజు మాత్రం దగ్గర పడింది.

మధ్యాహ్నం మిద్దె ఎక్కాను. మెట్లు ఎక్కితే ముందు పలక వెనక భాగమే కనిపిస్తుంది. గొట్టాలు పట్టుకున్నాను. రెండూ చల్లగానే ఉన్నాయి. ఎండ ఉన్నదే, నీళ్లు ఉన్నవే. మరి ఆపిందెవరు? చుట్టూ తిరిగి ముందుకు వెళ్లాను. మిద్దెంతా తెల్లగా కళ్లలో కొడుతోంది. నల్లటి పలక కోసం వెతికాను. నలుపు ఎక్కడా లేదు.

"ఆర్గిరో, గాజుకి కూడా సున్నం వేశావా?"

"వేశాను. ఎండ ముదిరితే నీ షెడ్ల గాజుకి నువ్వెయ్యవూ, లోపల మాడిపోకుండా? ఇదీ కాలుతుందని వాడు చెప్పాడుగా."

"ఇందులో టమాటాలు లేవు."

"నీళ్లు లేవూ?"

సున్నం కరిగించే ద్రాక్ష వెనిగరు సీసా, గోనె గుడ్డ తెచ్చి గాజు తోమడం మొదలుపెట్టాను. నలుపు కొంచెం కొంచెంగా బయటపడింది. అంతా తుడిచాక పై గొట్టం పట్టుకున్నాను. చల్లగా ఉంది. అలాగే పట్టుకున్నాను. కాసేపటికి గోరువెచ్చనైంది.

ఆర్గిరో మెల్లగా మెట్లెక్కి వచ్చింది. ముడుచుకున్న పిడికిలి నా చెయ్యి పక్కనే గొట్టానికి ఆనించింది.

"ఎవరు తోస్తున్నారు?" అంది.

"ఎవరూ కాదట."

ఆమె తల వంచి గొట్టం దగ్గర చెవి పెట్టింది. నేనూ పెట్టాను. ఏమీ వినబడలేదు. వేడి మాత్రం పెరుగుతోంది. ఆమె చూపుడువేలు విచ్చుకుంది, ఆ పక్కది కదిలింది. తక్కిన వేళ్ల కోసం ఇద్దరం అక్కడే నిలబడ్డాం.