నేను కట్టిన గద్దె

"గీ పలిగిన బండలు ఇంట్ల ఎందుకే?" అన్నాడు మా ఆయన నరేష్, నేను వాటిని ఒక్కొక్కటే మోసుకొస్తుంటే. మా కిరాయి ఇంటి ఓనరమ్మ కనకరత్నం తన వంటింట్లోంచి తీయించి పారేసిన షాబాద్ బండలవి. అడిగితే తీసుకోమంది. వాటితో, పాత ఇటుకలతో, కాలువ మట్టితో గుమ్మం పక్కన కూర్చునే గద్దె కట్టి, పైన నీడకు యూరియా సంచులు కుట్టి కట్టాను. వంటకీ బట్టలకీ మధ్య దొరికిన సందుల్లో పదిహేను రోజులు పట్టింది, రూపాయి ఖర్చు లేకుండా. రెండువేల మూడు ఎండాకాలం అది. బాన్సువాడలో మా రేకుల గదుల్లో సాయంత్రమైనా ఊపిరాడేది కాదు. కాసేపు బయట గాలికి, చేతిలో ఏ పనీ లేకుండా కూర్చోవాలి. నాకు కావలసింది అంతే.

మట్టి ఆరిన రోజే మా ఆయన అన్న వెంకట్రాములు బావ కోటగిరి నుంచి వడ్లు అమ్మడానికి వచ్చాడు. గద్దె మీద కాళ్లు చాపుకుని కూర్చుని, "మంచిగున్నదిరా తమ్మీ, సల్లగ" అన్నాడు. మా ఆయన తనే కట్టినట్టు మురిసిపోయాడు. ఇక ప్రతి సాయంత్రం దాని మీద మా ఆయన దోస్తులో, ఊరి నుంచి పనిమీద వచ్చినప్పుడల్లా బావో. మా ఇళ్లల్లో మగవాళ్ల ముందు, అందులోనూ బావ ముందు, ఆడది ఎత్తు మీద కూర్చోదు. గడప లోపల నిలబడి "ఛాయ్ తేయే", "నీళ్లు తేయే" అని వినడమే. పొద్దున వాళ్ల బీడీ ముక్కలు ఊడ్చేటప్పుడు మాత్రం ఆ బండలు నావి. నేనెప్పుడు కూర్చోవాలని అడిగితే, "నిన్నెవరు వద్దన్నరే? ఎవ్వరు లేనప్పుడు కూసో" అని మా ఆయన నవ్వాడు. నిజమే, ఎవరూ వద్దనలేదు. అందుకే ఎవరితో పోట్లాడాలో తెలియక, కట్టిందంతా పీకి రోడ్డు మీద పారేద్దామన్నంత మంట పుట్టేది.

ఒక శుక్రవారం పొయ్యి మీద అన్నం పెట్టి, బయట ఎవరూ లేరని గద్దె మీద కూర్చున్నాను. గాలి వస్తోంది. ఐదు నిమిషాలైందో లేదో, గేటు దగ్గర దగ్గు. ఆడవాళ్లు లేచి తప్పుకోవాలని బావ అలాగే దగ్గుతాడు. పదకొండేళ్లుగా ఆ దగ్గు వినగానే నా కాళ్లు వాటంతటవే లేచేవి. ఆ రోజూ సగం లేచాయి. అంతలోనే నా మీద నాకే అసహ్యమేసి, మళ్లీ కూర్చున్నాను.

బావ ఇంకా గట్టిగా దగ్గాడు. లోపలి నుంచి మా ఆయన ఉరికొచ్చి, "ఏందే, అన్న వచ్చిండు, లే!" అన్నాడు. పక్కకు జరిగాను.

"కూసోండ్రి బావా, జాగ ఉన్నది."

బావ కూర్చోలేదు. తమ్ముడి మొహం చూస్తూ నిలబడ్డాడు. లోపల అన్నం అడుగంటుతున్న వాసన.

"జర అన్నం దించిరా," అన్నాను మా ఆయనతో, కూర్చునే.