ఏటి టైరు

సంచిలో బరువైనవి అడుగున పెట్టాలి. ఇది నాకెవరూ నేర్పలేదు. యాభై ఏళ్ళకు పైగా ఇంట్లోవాళ్ళ సంచులు సర్ది సర్ది చేతులకే తెలిసిపోయింది. ఆ ఆదివారం పొద్దున నా కోడలు జయంతి సంచి సర్దుతున్నాను. అడుగున మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు, వాటి పక్కన రాగిపిండి, మూత గట్టిగా బిగించిన డబ్బాలో ఊరుబిండి పచ్చడి, ఆ పైన నాలుగు చుడీదార్లు, తువ్వాళ్ళు.

“మూడు నెలలకే గదా అత్తా పొయ్యేది. కాపరానికి పంపిచ్చే మాదిరి సర్దతా ఉండావే,” అని నవ్వింది జయంతి.

నేను నవ్వలేకపోయాను. నేను సర్దిన సంచి పట్టుకుని ఎవరు గడప దాటినా, తిరిగి వచ్చేదాకా నేను వాకిలి వైపే చూస్తుంటాను. మా అక్క చెంగమ్మ పురుటికి పోయేటప్పుడు సంచి సర్దింది నేనే. అప్పుడు నాకు పదమూడేళ్ళు. పలమనేరు ఆసుపత్రికని మంచం మీద పడుకోబెట్టి, నలుగురు మోసి, వానల్లో ఏరు దాటించారు. నాలుగో రోజు సంచి తిరిగి వచ్చింది. అక్క రాలేదు. ఇప్పుడు జయంతి పోతున్నది ఆ ఏటికి అవతలికే. నా పుట్టినూరు ఆ వైపే ఉంది.

జయంతి పశువుల డాక్టరు. తిరుపతిలో చదివింది. చదువు అయిపోయి పదకొండేళ్ళయినా ఆమె పశువు ఒంటి మీద చెయ్యి వేసింది తక్కువ. మా పలమనేరులోనే ఒక పాల కంపెనీలో పని. ఊళ్ళ మీదికి మగ డాక్టర్లు పోయేవాళ్ళు. “మేడమ్, మీరు రిజిస్టర్లు సూసుకోండి, గొడ్డును పట్టేది మగోళ్ళ పని,” అనేవాడు మేనేజరు. వాళ్ళు రాసుకొచ్చిన తప్పులన్నీ ఆమె దిద్దేది. మీటింగు రోజున టీలు తెప్పించడం కూడా ఆమె వంతే. ఇంటికొచ్చి కొంగు దోపుకుని నాతోపాటు వంటింట్లో నిలబడేది. అలాంటి మనిషిని కొండపల్లెల గొర్రెల కాపరుల సంఘం ఒకటి డాక్టరుగా రమ్మని పిలిచింది. ఉండేందుకు గది వాళ్ళే ఇస్తారు. ముందు మూడు నెలలు చూసి, తరవాత ఖాయం చేస్తారు. బండి మాత్రం సొంతది ఉండాలి. సోమవారం పొద్దున పది గంటలకు అక్కడ కనబడకపోతే ఆ ఉద్యోగం జాబితాలో రెండోవాడికి పోతుంది. జయంతి తన జీతంలో దాచుకున్న దానితో ఒక పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు కొన్నది. అన్నీ బాగున్నాయి, టైర్లే అరిగిపోయాయి.

నెలరోజులు ఆమెకు టైర్ల ధ్యాసే. మా వాడు మునిశేఖర్ వినడు కాబట్టి నాకు చెప్పేది. నేను అనపకాయలు ఒలుస్తూ కూర్చుంటే పక్కన చేరి ఫోనులో బొమ్మలు చూపించేది.

“ఇది సూడు అత్తా, ఇది తారు రోడ్డు టైరు. గీతలు సన్నంగా ఉండాయా? బురదలో దిగితే ఆ గీతలు పూడిపోతాయి, చక్రం ఉన్న చోటనే తిరగతాది. ఇదేమో ఉత్త బురద టైరు. తారు మీద ఒకటే మోత. వానలో బ్రేకు కొడితే జారతాది. మనకు సగం తారు, సగం రాళ్ళు, నడాన ఏరు. రాయి కోసేది టైరు పక్కనే గాబట్టి పక్కలు గూడా మందంగా ఉండాల. దానికి ఏటీ టైరే సరి.”

“ఏటి టైరా? ఏరు దాటేదానికని వేరేగా చేస్తారా మే?” అన్నాను.

ఆమె నవ్విన నవ్వుకు ఒళ్ళోని అనపకాయలు నేలపాలయ్యాయి. “ఏ, టీ అని రెండు ఇంగ్లీషు అక్షరాలు అత్తా. టైరు పక్కన రాసుంటాది. తారు రోడ్డుదాని మింద హెచ్, టీ అని ఉంటాది. అయినా నువ్వు చెప్పిందే బాగుండాది. ఏటి టైరే!”

ఆనాటి నుంచి మా ఇద్దరికీ అది ఏటి టైరే అయింది.

మునిశేఖర్‌కు ఇదంతా ఎగతాళి. “కొండలో ఏనుగులు వస్తాయి, వాటికి గూడా సూదులేస్తావా?” అనేవాడు పెళ్ళాంతో. ఒక రోజు ఆమె లేనప్పుడు నా దగ్గర కూర్చున్నాడు. “ఆ టైర్లు ఏస్తే ఆమె ఇంక ఈ ఇంట్లో నిలస్తాదా మా? నువ్వే చెప్పు. పొద్దన లేస్తానే నీ మోకాలికి మందు రుద్దేది ఎవురు?”

నాకు అప్పుడు కోపం రావలసింది. “నువ్వు రుద్దు” అనవలసింది. నాకు కోపం రాలేదు. నా మోకాలు గుర్తొచ్చింది.

ఇక్కడ నా చదువు సంగతి చెప్పాలి. రెండో తరగతిలో బడి మానిపించారు. మిగతాది బెల్లం పొట్లాల కాగితాల మీద, బస్సుల బోర్డుల మీద నేనే నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు లారీల నంబర్ల మీద కూడబలుక్కున్నాను. “పొట్లాలు చదివి కలెక్టరవుతావా?” అనేవాడు మా ఆయన దొరస్వామి. ఒకసారి జనాభా లెక్కలాయన వచ్చి, ఆమెకు చదువొచ్చా అని అడిగాడు. “రాదు, రాసుకోండి,” అన్నాడు మా ఆయన. నేను కాఫీ గ్లాసులు పట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నాను. ఆయన రాస్తున్నది నాకు తలకిందులుగా కనబడుతోంది. తలకిందులుగానే చదివాను. నిరక్షరాస్యురాలు. ఏ అక్షరమూ తప్పు పోలేదు. కాఫీ చేతికిచ్చి లోపలికి వచ్చేశాను.

మా ఆయన పోయి పన్నెండేళ్ళయింది. ఈ మాట నేను జయంతికి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. విన్న మర్నాడే ఆమె నన్ను బ్యాంకుకు తీసుకుపోయి వేలిముద్ర తీసేయించి సంతకం పెట్టించింది. “ఇంక ఎవురన్నా ఏలు అడిగితే నన్ను పిలువు అత్తా, నేను మాట్లాడతా,” అంది.

ఆ ఆదివారం ఆమె మందుల పెట్టె తెచ్చుకోవడానికి తిరుపతి బస్సెక్కింది. పోతూ నా చేతిలో చీటీ పెట్టింది. “మునిరామయ్య అంగట్లో టైర్లు ఏసేదాకా నువ్వు కూసోవాల అత్తా. ఆయనకు కండ్లు సరిగా ఆనవు. నాలుగింటి మిందా అక్షరాలు చదివి సూడు. నీ చదువు మింద నాకు నమ్మకం.” చీటీ మీద పెద్దగా ఏ, టీ అని ఇంగ్లీషులో రాసి ఉంది.

మునిశేఖర్ జీపు తోలి, బెంగుళూరు రోడ్డులోని ఆ అంగడి ముందు నన్ను దించి తన సిమెంటు అంగడికి పోయాడు. మునిరామయ్య తల గోక్కుంటూ బయటికి వచ్చాడు.

“అవ్వా, మీ కోడలికి ఫోను తగల్లా. ఆయమ్మ చెప్పిందని చిత్తూరు నుంచి ఒక సెట్టు తెప్పిచ్చినా. ఇప్పుడు మీ అబ్బాయి ఫోన్ జేసి మామూలువే ఏసెయ్ అంటాడు. సైజు రెండూ ఒకటే. నేను ఎవురి మాట ఇనేది? ఆయమ్మ కాగితమేమన్నా ఇచ్చిందా?”

చీటీ నా పిడికిట్లో చెమటకు తడుస్తోంది. రెండు రకాల టైర్లూ గోడకు ఆనించి ఉన్నాయి. కొత్త రబ్బరు వాసన. పోయి ఏటి టైరు ముందు నిలబడ్డాను. దాని గడుల మధ్య సందులో వేలు పెట్టాను. గోరు మునిగేదాకా దిగింది. ఈ టైరు ఏరు దాటుతుందని నా వేలికి తెలిసిపోయింది. దాటాక మళ్ళీ ఇటువైపు రావాలని దాని మీద ఎక్కడా రాసి లేదు. మంచం మీద పడుకున్న అక్క, మోసేవాళ్ళ కాళ్ళ చుట్టూ ఎర్రనీళ్ళు, నా మోకాలు, ఖాళీ వంటిల్లు, అన్నీ కలిసి కళ్ళ ముందు నిలిచాయి.

“నాకు చదువు రాదు నాయనా,” అన్నాను. “మామూలువే అన్నట్టుండాది.”

చీటీ మడిచి నడుములో దోపుకున్నాను.

“అట్లనా. మంచిదే, పెద్దోళ్ళ మాటే మాట,” అన్నాడు మునిరామయ్య. హెచ్, టీ టైర్లు నాలుగూ జీపుకెక్కాయి. ఏటి టైర్లు నాలుగూ వ్యానెక్కి చిత్తూరుకు వాపసు పోయాయి. తాళం ఇచ్చే ముందు ఆయన పుస్తకం తెరిచి పెన్ను నా ముందు పెట్టాడు. అంతలోనే, “ఓ, చదువు రాదంటివి గదా,” అని పెన్ను తీసేసి, అంగడి ముద్రకు వాడే ఇంకు డబ్బీ జరిపాడు.

నా బొటనవేలు దానంతట అదే పోయి ఆనింది. మా ఆయన నా మీద చెప్పిన అబద్ధం కింద నేనే వేలు వేశాను.

ఇంటికొచ్చి వేలు చింతపండుతో తోమాను, బూడిదతో తోమాను. గీతల్లోకి దిగిన ఊదారంగు పోలేదు. మునిశేఖర్ జీపు తెచ్చి వాకిట్లో పెట్టాడు, టైర్లు చూసి ఈల వేసుకుంటూ స్నానానికి పోయాడు. ఏడింటికి జయంతి వచ్చింది. ఇంట్లోకి రాకుండా ముందు జీపు దగ్గరికే పోయింది. ఫోను లైటు నాలుగు చక్రాల దగ్గరా ఆగి ఆగి కదలడం కిటికీలోంచి చూశాను. తరవాత వంటింటి గడప దగ్గరికొచ్చి నిలబడింది.

“అత్తా, ఇవి ఏటి టైర్లు కావు గదా.”

“ఆ మునిరామయ్య మోసం చేసినట్టుండాడు మే. నాకేం తెలుసు?” అని నీళ్ళ గ్లాసు అందించాను.

ఆమె గ్లాసు అందుకోలేదు. నా చెయ్యి పట్టుకుంది. బొటనవేలు లైటు వైపు తిప్పి చూసింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండును.

“ఈ ఇంకు చింతపండుకు పోదు అత్తా. కొబ్బరినూనెకు పోతాది,” అంది. నూనె సీసా తెచ్చి, నా ముందు కూర్చుని, తనే రుద్దింది. పోయేదాకా రుద్దింది. నేను తలెత్తలేదు.

మర్నాడు ఆరింటికి బయలుదేరింది. మునిశేఖర్ లేవలేదు. సంచి జీపులో పెడుతుంటే చినుకు మొదలైంది. స్టీరింగు ముందు కూర్చుని, నా వైపు చూడకుండా అంది: “పోవద్దు అని నోటితో అడిగుంటే, మనం మాట్లాడుకుని ఉందుము అత్తా. చదువు రాదని మాత్రం అనకుండా ఉండాల్సింది.”

మధ్యాహ్నం ఏటి వైపు నుంచి పాలబండి అతను వచ్చి చెప్పాడు. జీపు ఏట్లో ఇసుకలో కూరుకుపోయిందట. చక్రాలు ఉన్నచోటే తిరిగాయట, ఆమె బొమ్మలో చూపించిన మాదిరే. అడుగున పెట్టిన బూట్ల కోసం సంచి మొత్తం ఒడ్డున కుమ్మరించిందట. బూట్లు తొడుక్కుని, అన్నీ మళ్ళీ సర్దుకుని, సంచి నెత్తిన, మందుల పెట్టె చంకన పెట్టుకుని, మోకాటి లోతు నీళ్ళలో నడిచిపోయిందట. పది కావడానికి పది నిమిషాల ముందే సంఘం గది ముందు నిలబడిందట, తడిసి ముద్దయి. “బండిని మేము లాగిచ్చుకుంటాం, ముందు ఈనలేక రెండు గొర్రెలు పడుండాయి, రామ్మా,” అన్నారట కాపర్లు.

జీపును మాత్రం మునిశేఖరే పోయి ట్రాక్టరుతో ఇంటికి లాగించుకొచ్చాడు. పక్కింటి నిర్మలమ్మ గోడ మీద నుంచి చూస్తోంది. “ఆ మునిరామయ్య మోసం చేసినాడంట గదా? ఇప్పుడే పోయి చొక్కా పట్టుకుంటా,” అన్నాడు మా వాడు, ఆమెకు వినబడేలా.

నేను నడుములోంచి చీటీ తీసి విప్పాను. “ఏ, టీ,” అని చదివాను. “చీటీ నా దగ్గరనే ఉండింది. నాకు చదువు వచ్చు. నేనే మార్చి ఏయించినా.”

వాడు ఒక్క క్షణం నోరు తెరిచి, నవ్వాడు. నా భుజం తట్టాడు. “మంచి పనే చేసినావు మా. నాలుగు దినాలు పోతే తానే వస్తాది.”

ఆ మెచ్చుకోలు కన్నా చెంపదెబ్బ నయం. నేను పెంచిన కొడుకు నన్ను మెచ్చుకున్నది నా జన్మలో అదొక్కసారే.

మర్నాడు కుంటుకుంటూ మునిరామయ్య అంగడికి పోయాను. పుస్తకం అడిగి ఆ పేజీ తీయించాను. ఊదారంగు వేలిముద్ర పక్కన భారతమ్మ అని నా పేరు రాశాను. చేతి గాజులు కుదువ పెట్టి ఏటి టైర్లు మళ్ళీ తెప్పించాను. నాలుగింటి మీదా అక్షరాలు వంగి, వేలితో తడిమి, పైకి చదివాను. ఆయన మా ఇంటి నుంచి జీపు తెప్పించి నాలుగూ ఎక్కించాడు. జీపు తాళం, బండి కాగితాలు, ఆమె మిగతా బట్టలు సర్దిన ఇంకో సంచి ఒక కిరాయి డ్రైవరుకిచ్చి ఏటి అవతలికి పంపించాను. ఆ సంచిలో బూట్లలాంటి బరువైనవేమీ లేవు. అడుగున ఆ చీటీ పెట్టాను.

“ఎవురు పంపీమన్నారు నిన్ను?” అని మునిశేఖర్ ఇంటి కప్పు ఎగిరేలా అరిచాడు. “నేనే,” అన్నాను.

జీపు ఏరు దాటిందని డ్రైవరు వచ్చి చెప్పాడు.

జయంతి ఈ ఇంటికి మళ్ళీ రాలేదు. ఆమె వెళ్ళింది 2022 నవంబరు పద్నాలుగు, సోమవారం.