రెండు పేర్ల స్టేషన్లు

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులున్నవాళ్ళలో చిట్టిరాజు మాటకి ఎదురు లేదు. గట్టు తగాదా వచ్చినా, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినా ముందు ఆయన గుమ్మంలోకే కబురొచ్చేది. అలాంటి మనిషి రెండువేల మూడు వేసవిలో, బ్రస్సెల్స్ అనే ఊళ్ళో, నేల కింద కట్టిన రైలు స్టేషన్లో, "మాణిక్యం! మాణిక్యం!" అని అరుచుకుంటూ కదిలిపోతున్న రైలు వెంట పరుగెత్తాడు. ప్లాట్‌ఫారం అయిపోయింది. రైలు సొరంగంలోకి దూరిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ చేతుల్లోని పేపర్లలోకి తలలు దించుకున్నారు.

ఆ ఊరికి ఆయనా, భార్య రత్నమాణిక్యమూ వచ్చింది చేపలూ రొయ్యలూ అమ్మేవాళ్ళ ఎగ్జిబిషన్‌కి. మేనల్లుడు శ్రీనివాసరాజు ఎగుమతి వ్యాపారంలో ఉన్నాడు. టిక్కెట్లూ హోటలూ అన్నీ అతనే చూశాడు. "అత్తయ్యగారినీ తీసుకురండి మావయ్యా. వంటిల్లూ పేరంటాలూ తప్ప ఆవిడేం చూశారండి?" అని పట్టుబట్టాడు. రత్నమాణిక్యం పుట్టింట్లో ఆడవాళ్ళకి ఘోషా ఉండేది. పెళ్ళయ్యాక అది కాస్త సడలినా, భీమవరం బజారుకి వెళ్ళాలన్నా కారూ, పక్కన ఒక మనిషీ ఉండాల్సిందే. ఇంగ్లీషు ముక్క రాదు.

ఆ మధ్యాహ్నం శ్రీనివాసరాజుకి కొనుగోలుదార్లతో పని తగిలింది. "సాయంత్రం నేనొచ్చి ఊరు చూపిస్తాను. అప్పటిదాకా హోటల్లోనే ఉండండి మావయ్యా" అన్నాడు. చిట్టిరాజుకి అది నచ్చలేదు.

"రోజూ ఆ రైలే కదా ఎక్కుతున్నాం. పద, మనవే వెళ్ళొద్దాం" అన్నాడు భార్యతో.

"అబ్బాయి వచ్చాక వెళ్దావండి" అంది ఆవిడ.

"ఏం, నామీద నమ్మకం లేదా?"

ఆ మాటకి ఇంక ఆవిడ చెప్పులేసుకుంది.

వెళ్ళేటప్పుడు బాగానే వెళ్ళారు. ఊరి నడిబొడ్డున బంగారు పూత మేడలు చూశారు. గుర్రబ్బండ్లు చూశారు. చలిగాలి కొట్టేసరికి ఇంక చాలనిపించి వెనక్కి తిరిగారు. చిక్కొచ్చింది అక్కడే.

ఆ ఊళ్ళో రెండు భాషలు. ప్రతి స్టేషన్‌కీ రెండు పేర్లు, ఒకదాని కింద ఒకటి. చాలావాటికి ఒక పేరుకీ రెండో పేరుకీ పోలికే ఉండదు. తాము దిగాల్సిన స్టేషన్‌కి మేనల్లుడి నోట విన్న పేరొక్కటే చిట్టిరాజుకి తెలుసు. రైలు వచ్చి ఆగింది. "ఎక్కు" అన్నాడు. మాణిక్యం ఎక్కింది. ఆయన కాలెత్తి లోపల పెట్టబోతూ పైన వెలుగుతున్న పేరు చూశాడు. అది తను విన్న పేరు కాదు. "ఆగాగు, ఇది కాదేమో" అని వెనక్కి తగ్గి గోడమీద పటం వైపు తిరిగాడు.

కీచుమని మోత. తలుపులు మూసుకున్నాయి.

అద్దం అవతల మాణిక్యం కేకెయ్యలేదు. రెండు చేతులూ అద్దానికి ఆనించి, ఏం చెయ్యమంటారు అన్నట్టు చూసింది. ఆయన చెయ్యి ఊపాడు. దిగిపొమ్మని ఊపాడో, ముందుకి పొమ్మని ఊపాడో ఆయనకే తెలీదు.

రైలు పోయాక బెంచీ మీద కూలబడ్డాడు. ఆవిడ దగ్గర ఫోను లేదు. హోటల్ కార్డు తన జేబులో ఉంది. పాస్‌పోర్టులు మేనల్లుడి సూట్‌కేసులో ఉన్నాయి. తప్పిపోతే ఏం చెయ్యాలో ఆవిడకి తను ఎప్పుడూ చెప్పలేదు. తప్పిపోవడమనేది తమకి జరిగే పనని ఆయన అనుకోలేదు.

తరవాతి రైలెక్కి తరవాతి స్టేషన్లో దిగాడు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా వెతికాడు. మాణిక్యం లేదు. నా కోసం వెనక్కి వచ్చేసి ఉంటుంది అనుకుని, అవతలి వైపు రైలెక్కి మొదటి చోటికే వచ్చాడు. అక్కడా లేదు. నేనిలా వచ్చేలోగా ఆవిడ అటు వెళ్ళిందేమో అని మళ్ళీ బయల్దేరాడు. అలా ఎన్నిసార్లు తిరిగాడో, చివరికి తనెక్కిన స్టేషన్ ఏదో కూడా ఆయనకి తికమకైపోయింది. ఒకే గోడలు, ఒకే బెంచీలు, ఏ బోర్డు చూసినా నోరు తిరగని రెండేసి పేర్లు.

టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషిని ఆపి, వచ్చిన ఇంగ్లీషు కూడదీసుకుని, "మై వైఫ్... గాన్" అన్నాడు. ఆ పెద్దమనిషి మొహం జాలిగా పెట్టి, భుజం తట్టి, "సారీ, సారీ" అని తన దారిన తను పోయాడు. ఆయనేమనుకున్నాడో చిట్టిరాజుకి కాస్త ఆలస్యంగా అర్థమైంది. "ఛ ఛ, అది కాదండీ!" అని తెలుగులోనే వెనకనుంచి అరిచాడు.

మెట్లెక్కి పైకొస్తే అద్దాల గదిలో ఒకమ్మాయి కూర్చుని ఉంది. ఆ పిల్లకి ఇంగ్లీషొచ్చు. ఓపిగ్గా విని, ఆయన జేబులోని మేనల్లుడి విజిటింగ్ కార్డు మీదున్న నంబరుకి ఫోన్ చేసింది. ఎవరూ ఎత్తలేదు. తరవాత కాగితం తీసి ప్రశ్నలు మొదలుపెట్టింది. పేరు చెప్పాడు. వయసు తడుముకుంటూ చెప్పాడు. బట్టలేమిటంటే "శారీ" అన్నాడు.

"ఏం రంగు?"

చిట్టిరాజు నోరు తెరిచాడు.

పొద్దున హోటల్ గదిలో ఆవిడ అద్దం ముందు నిలబడి "ఇది బావుందాండి?" అని అడిగింది. తను మేజోళ్ళు వెతుక్కుంటూ "ఊఁ" అన్నాడు. తలెత్తలేదు. దారిపొడుగునా తనే ముందు నడిచాడు. ఆవిడ వెనకాల వచ్చింది. ఎటు నుంచి తలుచుకున్నా చీర కనిపించలేదు, అద్దానికి ఆనించిన చేతులు తప్ప.

"గ్రీన్" అన్నాడు చివరికి. మాణిక్యానికి ఆకుపచ్చ ఇష్టమని ఎవరో అన్నట్టు గుర్తు.

ఆ అమ్మాయి అన్ని స్టేషన్లకీ ఫోన్లు చేసింది. కాసేపటికి ఒకచోట నుంచి జవాబొచ్చింది. రిసీవరు పక్కకి పెట్టి, "అక్కడొక భారతీయ స్త్రీ ఉందట. కానీ ఆమెది ఆకుపచ్చ కాదు, వంకాయరంగు చీర. మీ ఆవిడ కాదేమో" అంది.

కాదనడానికీ అవుననడానికీ ఆయన దగ్గర ఆధారం లేదు. తన భార్యే అని వెళ్తే, ఈలోగా నిజంగా ఆకుపచ్చ చీర కట్టుకున్న మాణిక్యం ఇక్కడికి వస్తేనో? కదిలితే ఒక భయం, కదలకపోతే ఇంకో భయం. గోడవార కుర్చీలో కూర్చుని మోకాళ్ళు గట్టిగా పట్టుకున్నాడు. తెల్లమచ్చ రోగం తగిలి చెరువులకి చెరువులు రొయ్యలు చచ్చి తేలిపోయిన ఏడాది కూడా ఆయన పదిమందికీ ధైర్యం చెప్పాడు. ఇప్పుడు తనకి చెప్పేవాళ్ళు లేరు. తల వంచుకుని ఏడ్చాడు.

చాలాసేపటికి మళ్ళీ ఫోను మోగింది. ఆ అమ్మాయి విని, ఇటు తిరిగింది. "ఆ వంకాయరంగు చీరావిడ ఏమడిగినా ఒకటే మాట చెబుతోందట. బి-మా-వా-రం. అది మనిషి పేరా?"

చిట్టిరాజు కుర్చీలోంచి ఎలా లేచాడో తెలీదు. "మా ఊరమ్మా! మా ఊరు!" అన్నాడు.

ఒక ఉద్యోగి ఆయన్ని రైలెక్కించి దగ్గరుండి తీసుకెళ్ళాడు. ఎంతో దూరం కాదు, ఆయన వెతికి వెతికి వెనక్కి తిరిగిన స్టేషన్‌కి అవతలిదే. గదిలో మాణిక్యం కుర్చీ అంచున కూర్చుని ఉంది. కొంగు చెవుల చుట్టూ తిప్పి కప్పుకుంది. ఎదురుగా ఎవరో పెట్టిన కాఫీ ముట్టుకోలేదు.

ఆవిణ్ణి చూడగానే ఆయనకి తన్నుకొచ్చింది కోపం. "పక్క స్టేషన్లో దిగాలని తెలీదా? బుర్ర లేదా?"

"తలుపు తెరుచుకోలేదండి" అంది ఆవిడ. "ఆగింది. నేను తలుపు ముందే నుంచున్నాను. దానికేదో పిడి తిప్పాలంట, నాకేం తెలుసు? ఇక్కడ ఒకావిడ తిప్పితే దిగాను. మళ్ళీ ఎక్కితే ఎటు పోతానో అని కదల్లేదు. మీ పేరు అడుగుతున్నారని తెలుస్తానే ఉంది. నోటికి రాలేదండి. ఎప్పుడన్నా అన్నానా?"

చిట్టిరాజు కోపం ఏమైందో గాని, పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"పదండి, హోటల్‌కి పోదాం" అంది ఆవిడ. "రైలు వద్దండి."

"నడిచి పోలేం."

"మరెలాగండి?"

"నాకు తెలీదు మాణిక్యం" అన్నాడు. పెళ్ళయినప్పట్నుంచీ ఆవిడ అడిగినదానికి ఆయన అలా జవాబు చెప్పడం అదే మొదటిసారి. ఆవిడ తెల్లబోయి చూసింది. ఆ తరవాత కాఫీ గ్లాసు ఆయన చేతికిచ్చింది. చల్లారిపోయినా తాగాడు.

చీకటి పడబోతుండగా శ్రీనివాసరాజు ఫోను అందుకుని, టాక్సీలో పరుగెత్తుకొచ్చాడు. గుమ్మంలోంచే "ఏంటి మావయ్యా ఇది! చెప్పాను కదండీ!" అన్నాడు. చిట్టిరాజు ఖాళీ గ్లాసు కింద పెట్టి లేచాడు.

వాళ్ళిళ్ళల్లో ఆడది పదిమందిలో మొగుడి చెయ్యి పట్టుకోవడం లేదు. మెట్ల మీద జనం ఒరుసుకుంటూ వస్తుంటే మాణిక్యం ఆయన కోటు అంచు గుప్పిట్లో బిగించి పట్టుకుంది. ముందు నడవలేక ఆయన ఆగాడు. ఆవిడ పక్కకి వచ్చింది. మేనల్లుడు చూస్తున్నాడని తెలిసినా, టాక్సీ దాకా ఇద్దరూ అలాగే నడిచారు.