గన్‌మెటల్ పంపు

కిరండూల్ ఇనుప గనుల్లో ముప్పైఆరేళ్లు పంపు మిస్త్రీగా చేసిన యేసుపాదానికి ఒకటే గర్వం. తను ఎంచిన పంపు ఎన్నడూ తప్పలేదు. వానాకాలం గోతుల్లో ఎర్రనీళ్లు నిలిచిపోతే, ఇంజనీర్లు పుస్తకాలు తిరగేస్తుండగానే ఈయన గట్టు మీద నిలబడి ఓసారి కిందికీ ఓసారి పైకీ చూసి, ఫలానా పంపు దించండి అనేవాడు. అది అతికినట్టు సరిపోయేది. అలా ముప్పైఆరేళ్లు చెల్లిపోయేసరికి మనిషికి కళ్లు కాస్త నెత్తికెక్కాయి. ఎక్కవూ మరి?

అలాంటివాణ్ణి, ఇక నెల రోజుల్లో రిటైరవుతాడనగా, బజార్లో హోటలున్న దశరథరామయ్య పిలిచి, "మిస్త్రీ గారూ, మా చేపల తొట్టికి ఓ పంపు చూసిపెట్టాలి" అన్నాడు. యేసుపాదానికి నవ్వొచ్చింది. మేడ ఎక్కి చూశాక నవ్వు ఆగింది.

దశరథరామయ్యది భోపాలపట్నం వర్తకుల కుటుంబం. ఏదైనా చేస్తే నలుగురూ నోరు తెరవాలి ఆయనకి. మేడ మీది భోజనాల హాల్లో గోడ పొడుగునా గాజు తొట్టి కట్టించాడు. నాలుగు వేల లీటర్లు, అదీ సముద్రపు నీరు! ఇక్కడి ఇనుపరాయి రోజూ రైలెక్కి విశాఖపట్నం పోతుంటే, అక్కడి సముద్రం లారీలో డ్రమ్ములెక్కి ఇక్కడికి వచ్చింది. తొట్టిలోంచి పొర్లే నీళ్లు గొట్టం గుండా కింది గదిలోని వడపోత తొట్టిలోకి దిగుతాయి. వాటిని మళ్లీ మేడ మీదికి తోసేదే రిటర్న్ పంపు. అది ఆగితే పైన చేపలకి ఊపిరాగినట్టే.

తొట్టి అమర్చిన విశాఖ దుకాణదారు అప్పారావు ప్లాస్టిక్ పంపు ఒకటి పంపాడు. యేసుపాదానికి ఫోన్లో కూడా చెప్పాడు: "ఒక్కటి గుర్తెట్టుకోండి బాబూ. ఆ నీటికి లోహం తగలకూడదు."

"తుప్పు గురించా? అది నాకొదిలెయ్యండి," అన్నాడు యేసుపాదం.

ప్లాస్టిక్ పంపుని అరచేతిలో ఎగరేసి చూశాడు. "ఇదేటండి, పంపా, పిల్లలాడుకునే బొమ్మా? చిన్నప్పుడు విశాఖ హార్బర్లో మరపడవలకి పంపులు బిగించినోణ్ని నేను. ఉప్పునీటికి గన్‌మెటలే, కంచు జాతిది. మీరూ నేనూ పోయినా అది పోదు."

దశరథరామయ్యకి ఆ మాట నచ్చింది. గన్‌మెటల్ పంపు రాయపూర్ నుంచి దిగింది. యేసుపాదం పెళ్లి చేసినంత శ్రద్ధగా దాన్ని బిగించాడు. నీళ్లు గంటకి అయిదుసార్లు తిరగాలంటే ఇరవై వేల లీటర్లు కావాలి. ఎత్తు పదహారడుగులు. పెట్టె మీద వేసిన అంకె నేల మీది అంకె, ఎత్తు ఎక్కేకొద్దీ తరుగుతుంది. ఆ తరుగంతా లెక్కేశాడు. గొట్టంలో ఏడు వంపులుంటే నాలుగుకి తెచ్చాడు. హోరు వినపడకుండా అడుగున రబ్బరు పరిచాడు. స్విచ్చి వేస్తే పైన తొట్టిలో నీళ్లు మెత్తగా కదిలాయి. ఏ లెక్కా తప్పలేదు.

తొట్టిని కనిపెట్టుకుని ఉండేది కోసి. ఆవపల్లి అవతల దోర్లా గిరిజనుల పల్లె పిల్ల, ఇరవై దాటి ఉంటాయి. గిన్నెలు తోమడానికి వస్తే, చేపల మీద దానికున్న ఇది చూసి యజమాని ఈ పని ఇచ్చాడు. పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదు. అయినా ఏ చేప ఏ వేళకి ఏ రాయి సందున దూరుతుందో దానికి తెలుసు. తొట్టిలో మెత్తటి వేళ్లలాంటి రేకులు ఆడించే జీవమొకటి ఉంది. దాన్ని పువ్వు అనేది. పొద్దున్నే దానితో కబుర్లు చెప్పేది కూడా.

పంపు బిగించిన రెండో వారంలో కోసి అతన్ని ఆపింది. "కాకా, పువ్వు ముడుసుకున్నది. నిన్న సంది తెరుస్తలేదు. మీసాల రొయ్య గూడ తింటలేదు. పంపు ఏమన్న అయిందా?"

"పంపుకేటవుద్దే?" అని కసురుకున్నాడు. "నువ్వు రోజూ దాన్ని పుట్టిన ఊరి కబుర్లడుగుతుంటే ఏం చెప్తుంది? అలిగుంటది. పో."

మూడో వారం పువ్వు కుళ్లిపోయింది. రొయ్యలు వెల్లకిలా పడ్డాయి. ఆ కుళ్లుతో నీళ్లు చెడి, నారింజ రంగు చేపలు సగం పైకి తేలాయి. అది శనివారం. దశరథరామయ్య కేకలకి వంటవాళ్లంతా గోడకి అంటుకుపోయారు. మిస్త్రీకి కబురెళ్లింది.

"పంపులో తేడా ఏమన్నా ఉందా?" అని అడిగాడు దశరథరామయ్య.

యేసుపాదం పంపు మీద చెయ్యి వేసి చూశాడు. వణుకు లేదు, వేడి లేదు. కోసి పక్కనే నిలబడి ఉంది. అయినా ఆ మాట అతని నోటివెంట రానే వచ్చింది. "నా పంపు వల్ల కాదండి. ఆ నీటిలో ఏ చెయ్యి పడిందో చూసుకోండి."

నీటిలో చెయ్యి పెట్టేది ఒక్కతే. సబ్బు చేత్తో పెట్టావు కదే అన్నాడు యజమాని. పెట్టలేదు అంది. ఇంకోసారి అడిగితే రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. సాయంత్రం బస్సుకి సంచీ పట్టుకుని వెళ్లిపోయింది.

సోమవారం, కొత్త చేపల కోసం యజమాని తరఫున యేసుపాదమే అప్పారావుకి ఫోను చేశాడు. అప్పారావు అంతా విని, "పంపు లోపల తిరిగే చక్రం ఏ లోహం బాబూ?" అన్నాడు.

"గన్‌మెటల్."

"అయ్యో, అయ్యో! అందులో ముప్పాతిక పైన రాగే కదండీ! రాగి ఇసుమంత దిగినా పువ్వులూ రొయ్యలూ బతకవు. లోహం వద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదండీ."

"పంపు పాడవుతాదని అన్నారనుకున్నాను."

"పంపు గురించి కాదు బాబూ, పానాల గురించి."

యేసుపాదం కింది గదికి వెళ్లి పంపు ఆపి విప్పాడు. చక్రం అంచులు కొరికినట్టున్నాయి, కొరికిన చోటల్లా గులాబీ రంగు రాగి తేలింది. నీళ్లు పంపుని ఏం చేస్తాయో అని జీవితమంతా ఆలోచించాడు. పంపు నీళ్లని ఏం చేస్తుందో ఒక్కనాడూ అనుకోలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆ పిల్ల ముందే చెప్పింది కదా, దాన్నే బలిపెట్టానే అని కుమిలిపోయాడు.

కుమిలిపోయి ఏం చేశాడయ్యా అంటే, విప్పిన పంపుని తిరిగి మూసి, లోహం లేని చిన్న పంపొకటి తాత్కాలికంగా పెట్టి, మరమ్మతని చెప్పి ఇంటికి పోయాడు. ఎందుకంటే శుక్రవారం అతని వీడ్కోలు సభ. అదే హోటల్లో, అదే హాల్లో. మిస్త్రీ ఎంచిన పంపు తప్పిందని ఆ వారంలో తెలిస్తే ఎలా? నాలుగు రోజులే కదా, ఆ తర్వాత చెబుదాం అనుకున్నాడు. భార్య ప్రమీలారాణి, "ఏటయ్యా, అన్నం కెలుకుతున్నావు?" అంటే, రిటైరవుతున్న బెంగన్నాడు.

సభలో శాలువా కప్పారు. ముప్పైఆరేళ్లలో ఒక్క పంపు తప్పలేదని తోటివాళ్లు మైకులో పొగిడారు. చప్పట్లు కొట్టారు. చేపలు సగానికి పడిన తొట్టికి వీపు పెట్టి కూర్చుని, అన్నిటికీ దండం పెట్టాడు.

శనివారం దశరథరామయ్యకి చెప్పేశాడు. పరువు పోతుందని, కేకలేస్తాడని గుండె రాయి చేసుకుని వెళ్లాడు. ఆయన చెంచాతో టీ కలుపుకుంటూ, "రాగా! చూడండి మరి. సరే, ఆ ప్లాస్టిక్‌దే బిగించెయ్యండి. ఆ పిల్లని కూడా రమ్మనండి, బాగానే చూసుకునేది," అన్నాడు. అంతే. టీ చల్లారేలోగా అయిపోయింది. దీనికా ఇన్నాళ్లు నోరు కట్టేసుకున్నాను అని యేసుపాదం తనని తానే తిట్టుకున్నాడు.

ఆదివారం చర్చికి కూడా పోకుండా మొదటి బస్సెక్కాడు. గీదంలో మారి బీజాపూర్, అక్కణ్ణుంచి జీపులో ఆవపల్లి, ఆపైన నడక. వాళ్ల పల్లె చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మగవాళ్లు విత్తనాల పనిలో ఉన్నారు.

కోసి చూరు కింద కూర్చుని ఉంది. దూలానికి గుడ్డ ఉయ్యాల, దానికి కట్టిన తాడు కోసి చేతిలో. లోపల పసికందు గుక్కపెట్టి ఏడుస్తోంది. ఎత్తుకోవడం లేదు, దూరం నుంచే తాడు లాగుతోంది.

"ఎవరి పిల్లమ్మా?"

"మా వదినది. మంగళారం పుట్టింది. వదినకి జొరం, లోపల పన్నది."

"ఎత్తుకోరాదూ? అలా ఏడుస్తుంటే."

కోసి తల అడ్డంగా ఊపింది. "నేను ముట్ట, కాకా. నా చెయ్యి మంచిది కాదు. నువ్వే అంటివి గద. పక్కింటామె వస్తది ఎత్తుకుంటానికి."

యేసుపాదం అక్కడే మట్టిలో కూలబడ్డాడు. పంపు సంగతి, రాగి సంగతి, పువ్వు ఎందుకు ముడుచుకుందో అన్నీ గబగబా చెప్పాడు. తప్పు తనదే అన్నాడు. యజమాని రమ్మన్నాడనీ చెప్పాడు. ఆ మాట దాని చెవినే పడినట్టు లేదు.

"అయితే నా చెయ్యితోని కాదా?"

"కాదమ్మా. నీ చెయ్యి బంగారం."

కోసి మొహం ఒక్కసారిగా తెరుచుకుంది. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. "ఎప్పుడు ఎరికైంది కాకా నీకు?"

"నిన్న," అన్నాడు యేసుపాదం.

"నిన్న ఎరికై ఇయ్యాల వచ్చినవా! గింత ఎండల, గింత దూరం! ఏందిది కాకా, దేవుడివి నువ్వు." లోపలికి కేకేసి వదినకి తమ భాషలో ఏదో చెప్పింది. చేతులు కడుక్కుని, పిల్లని రెండు చేతులా ఎత్తుకుని గుండెకి అదుముకుంది. ముద్దుల మీద ముద్దులు పెట్టింది. పిల్ల ఏడుపు మానింది.

తరవాత ఆ పిల్లని తెచ్చి అతని ఒళ్లో పెట్టింది. "నువ్వూ ఎత్తుకో. మంచోళ్ల చెయ్యి పడాలె."

పిల్ల బరువే లేదు. గుప్పిట్లో అతని చిటికెనవేలు చిక్కించుకుంది. యేసుపాదం ఇక ఉండబట్టలేకపోయాడు.

"నిన్న కాదమ్మా. సోమవారమే తెలిసింది నాకు. సభ అయ్యేదాకా ఆగాను."

కోసి నవ్వు అలాగే ఉంది కాసేపు. ఆ తర్వాత వేళ్ల మీద, పిల్ల పుట్టిన మంగళవారం నుంచి ఆదివారం దాకా లెక్కపెట్టుకుంది. వంగి, అతని చేతుల్లోంచి పిల్లని తీసుకుంది.