మేడమ్ ఇంగ్లీషులో అన్న మాట

ఇంగ్లీషు నేర్చుకుంటానని వెంకటరావమ్మ చెప్పిన రోజున ఆమె మొగుడు యలమందయ్య నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు.

"నీ తెలుగుకే ఊరంతా జడుస్తుంది. ఇంక ఇంగ్లీషు కూడానంటే మేమెట్టా బతకాలే?" అన్నాడు.

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. తుళ్లూరు చుట్టుపక్కల పొలాలు పొలాలుగా ఉన్నన్నాళ్ళూ వెంకటరావమ్మ ముఠా మేస్త్రి. మిరపకోతలకి ఆడవాళ్ళను పోగుచేసి తీసుకెళ్ళడం, ఎండ ముదిరితే పని ఆపించడం, తాగడానికి నీళ్ళు పెట్టని రైతుని గట్టుమీద నిలబెట్టి అడగడం, అన్నీ ఆమె వంతే. పొలాలు రాజధానికి పోయాయి. రైతులకు ప్లాట్లు వచ్చాయి, ముఠాకి పని పోయింది. కొన్నేళ్ళు ఆటోలెక్కి ఎక్కడెక్కడికో పత్తితీతకి తిరిగారు. తర్వాత మోకాళ్ళు మొరాయించాయి. మధ్యలో ఆగిన కట్టుబడి పనులు మళ్ళీ మొదలై అద్దాల మేడలు లేచాక, ఒకప్పుడు తాను మిరపకాయలు కోసిన నేలమీదే ఒక ఆఫీసులో తుడిచే పనికి కుదిరింది.

ఆ ఆఫీసులో సగంమంది ఆఫీసర్లు ఉత్తరాది వాళ్ళు. వాళ్ళకి తెలుగు రాదు, తుడిచేవాళ్ళకి ఇంగ్లీషు రాదు. అందుకని పనివాళ్ళను పెట్టే కంపెనీ ఒక మాట చెప్పింది: దగ్గర్లోని ఇంజనీరింగ్ కాలేజీలో పెద్దవాళ్ళకి సాయంత్రాలు ఇంగ్లీషు క్లాసు పెడుతున్నారు, అక్కడ బాగా నేర్చుకున్న వాళ్ళలో ఒకరిని సూపర్‌వైజర్ని చేస్తాం. వెంకటరావమ్మ ఆ మాట పట్టుకుంది. తనతోపాటు రెండో అంతస్తు తుడిచే గుల్షన్‌ని కూడా లాక్కుపోయింది.

"నాకెందుకక్కా, నోరు తిరగదు నాకు," అంది గుల్షన్.

"నాకు మాత్రం తిరుగుద్దా? ఇద్దరం కలిసే తిప్పుకుందాం పద."

క్లాసు చెప్పేది జ్యోతిర్మయి మేడమ్. ముప్ఫయ్యేళ్ళుంటాయేమో. ఆ కాలేజీలో ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. పగలంతా పిల్లలకి చెప్పి, సాయంత్రం వీళ్ళకి చెప్పేది. విసుక్కునేది కాదు. మొదటి రోజు వెంకటరావమ్మ తన పేరు చెప్పడానికి లేచి, బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఎంతమంది రైతుల ముందైనా ఏ ఆసరా లేకుండా నిలబడ్డ మనిషి ఆమె. మేడమ్ దగ్గరికొచ్చి, "కూర్చునే చెప్పండి వెంకటరావమ్మగారూ, ఇక్కడ ఎవరూ ఎవరికీ పరీక్ష పెట్టడం లేదు," అంది. ఆ 'గారు' ఆమెకి ఎంతో నచ్చింది. పెళ్ళి శుభలేఖలమీద తప్ప తన పేరు పక్కన ఆ మాట చూసి ఎరగదు.

అప్పట్నుంచి వెంకటరావమ్మకి ఇంగ్లీషు పిచ్చి పట్టింది. షేర్ ఆటోలో బోర్డులు చదివేది. అంట్లు తోముతూ తనలో తాను మాట్లాడుకునేది. యలమందయ్య భోజనానికి కూర్చుంటే "వాట్ డూ యూ వాంట్?" అని అడిగేది. ఆయన "పచ్చడి" అనేవాడు. ఆమెకి వచ్చిన చిక్కల్లా ఒకటే. ఎదుటివాళ్ళ ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా చెవినపడేది. ఒక్కొక్క ముక్కనీ తెలుగులోకి తిప్పుకుని కూడబలుక్కునేసరికి వాళ్ళు ఇంకో మాటలో ఉండేవాళ్ళు.

"అది అందరికీ అంతేనండీ. వింటూ ఉండండి. ఒకరోజు తిప్పుకోకుండానే అర్థమైపోతుంది," అనేది మేడమ్.

కాలేజీలో ఒక ఇబ్బంది ఉండేది. సాయంత్రం పిల్లలు వెళ్ళిపోగానే ఆడవాళ్ళ మరుగుదొడ్లకి తాళం వేసేవాళ్ళు. క్లాసుకొచ్చే ఆడవాళ్ళు, మేడమ్‌తో సహా, ఇంటికి చేరేదాకా బిగబట్టుకోవాల్సిందే. అందరూ గొణుక్కునేవాళ్ళు. చివరికి వెంకటరావమ్మే ఒకరోజు ప్రిన్సిపాల్ గదిలోకి నడిచి, "సార్, మేం కూడా మనుషులమేనండి," అని మొదలుపెట్టి, తాళంచెవి చేతికొచ్చేదాకా కదల్లేదు. ఆ రోజు మేడమ్ క్లాసులో అందరిచేతా చప్పట్లు కొట్టించింది. "అడగడమంటే అట్లా అడగాలి," అంది.

వేసవి మొదట్లో కంపెనీ మేనేజరు నాగేంద్రబాబు క్లాసుకొచ్చాడు. అందరినీ వరసగా ఇంగ్లీషులో రెండేసి ప్రశ్నలడిగాడు. గుల్షన్ తలొంచుకుని ఎస్ సార్, నో సార్‌లతో గట్టెక్కింది. వెంకటరావమ్మ మాత్రం తానేం పని చేస్తుందో, సబ్బునీళ్ళు సరిపోకపోతే ఎవరిని అడుగుతుందో, మనుషులు రాని రోజున పని ఎట్టా పంచాలో తడుముకోకుండా చెప్పింది. అక్కడక్కడా తప్పులు దొర్లాయి గానీ ఆగలేదు. నాగేంద్రబాబు కళ్ళు పెద్దవి చేసి, "వెరీ గుడ్," అన్నాడు. గుల్షన్ బల్లకింద ఆమె చెయ్యి నొక్కింది.

తర్వాత అందరికీ టీలు, సమోసాలు వచ్చాయి.

"వెంకటరావమ్మగారూ, సార్‌కి కాస్త టీ అందిస్తారా?" అంది మేడమ్.

ఆమె కప్పు తీసుకుని వెళ్ళేసరికి వాళ్ళిద్దరూ కిటికీ దగ్గర నిలబడి ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నారు. ఆమె వచ్చినందుకు మాట ఆపలేదు. నాగేంద్రబాబు కప్పు అందుకుంటూ, ఈవిడనే తీసుకుందామా అని అడిగాడు.

"భాష అయితే అందరికంటే ఈమెకే బాగా వచ్చింది," అంది మేడమ్. "కానీ పై పోస్టు ఇవ్వకండి. ప్రతిదానికీ ప్రశ్న వేస్తుంది. ఇక్కడ మరుగుదొడ్డి గురించి నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళింది, రేపు మీ దగ్గరికి పనివాళ్ళందరినీ వెంటేసుకొస్తుంది. పైగా ఆ వయసు, ఆ గొంతు... ఆఫీసర్ల ముందు బాగుండదు. గుల్షన్‌కి అంతగా రాదు గానీ చెప్పినట్టు వింటుంది. ఈమెను తుడిచే పనిలోనే ఉంచండి. దానికి మంచి మనిషి."

వెంకటరావమ్మ ఒక్క మాట కూడా తిప్పుకోలేదు. కూడబలుక్కోలేదు. పక్కింటి వాళ్ళు గోడమీంచి మాట్లాడితే ఎట్టా వినపడుతుందో అట్టా, మొత్తం దానంతటదే అర్థమైపోయింది.

మేడమ్ ఆమె వైపు తిరిగి నవ్వింది. "మీ గురించి సార్‌కి చాలా బాగా చెప్పానండీ," అంది తెలుగులో.

"థాంక్యూ మేడమ్," అంది వెంకటరావమ్మ.

ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. కడుపులో బాగాలేదని చెప్పి పడుకుంది. మర్నాడు క్లాసు వేళకి ముందే వెళ్ళి, మేడమ్ స్కూటీ పెట్టే రేకుల షెడ్డు దగ్గర నిలబడింది. మేడమ్ హెల్మెట్ తీసి, "ఏంటండీ, తొందరగా వచ్చారు?" అంది.

"నిన్న మీరు ఆ సార్‌తో ఇంగ్లీషులో చెప్పింది నాకు అర్థమైందండి."

"మొత్తమా?" అంది మేడమ్. ఆ ఒక్క క్షణం ఆమె మొహం వెలిగింది. తను చెప్పిన చదువు వంటబట్టిందని తెలిస్తే ఏ పంతులమ్మకైనా కలిగే సంతోషం అది. వెంటనే ఆ వెలుగు పోయింది. హెల్మెట్‌ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"మొత్తమండి. తాళం తీయించినందుకు చప్పట్లు కొట్టించింది మీరే గదా?"

"కొట్టించాను. నాకూ అవసరమే కదండీ అది," అంది మేడమ్ గొంతు తగ్గించి. "కానీ వాళ్ళకి కావలసింది మాట వినే మనిషి. మిమ్మల్ని సూపర్‌వైజర్ని చేస్తే నెల తిరక్కుండా గొడవవుతుంది. ఆ మనిషి పేరు చెప్పింది ఎవరని నన్నే అడుగుతారు. ఆ తర్వాత ఈ క్లాసూ ఉండదు, నేనూ ఉండను. నా పరిస్థితి మీకు తెలీదు."

"నేను గొడవ పడతానో లేదో చూడకుండానే చెప్పేశారు."

మేడమ్ హెల్మెట్‌ని స్కూటీ సీటు మీద పెట్టింది.

"పోనీ, అది తెలుగులో చెప్పినా బాగుండేదండి. తిట్టు తిన్నట్టన్నా ఉండేది. నేను పక్కన నిలబడుండగా, నాకు రాదనుకునే గదా అట్టా అన్నారు? నాకు బాగా వచ్చని అదే నోటితో చెప్తూ!"

"సారీ అండీ," అంది మేడమ్. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి చూస్తే వెంకటరావమ్మకి జాలి కలగలేదు, ఇంకా మంటెత్తింది. వెనక్కి తిరిగి గేటు దాటి వచ్చేసింది. మళ్ళీ ఆ కాలేజీ గడప తొక్కలేదు.

జూన్‌లో గుల్షన్ సూపర్‌వైజర్ అయింది. నీలం కోటు, జేబులో ఫోను ఇచ్చారు. ఆ సాయంత్రం గుల్షన్ స్వీటు ప్యాకెట్టు తెచ్చి, "నీకు రావాల్సింది అక్కా ఇది. వాళ్ళకెందుకు తోచలేదో," అంది. వెంకటరావమ్మ అసలు సంగతి చెప్పలేదు. చెబితే గుల్షన్ కోటు విప్పేసి ఇచ్చినా ఇస్తుంది. అది తీసుకోవడం కన్నా నేల తుడుచుకోవడమే నయం అనుకుంది. స్వీటు మాత్రం చేదుగా తగిలింది.

ఇంట్లో ఇంగ్లీషు ఆగిపోయింది. "ఏమే, అడగవేంది నన్ను, వాట్ కావాలని?" అని యలమందయ్య ఒకటి రెండు సార్లు నవ్వించబోయాడు. ఆమె కంచం ఆయన ముందు పెట్టి వెళ్ళిపోయింది.

వానాకాలంలో ఒక పొద్దున్న గుల్షన్ ఫోను పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది. మొహంలో నెత్తురుచుక్క లేదు. ఫోనుకి అరచెయ్యి అడ్డం పెట్టి, "అక్కా, కొత్తగా వచ్చిన పెద్దాఫీసరు. గబగబా అంటున్నాడు, ఒక్క ముక్క తెలీడం లేదు. కాస్త విని చెప్పు," అంది.

వెంకటరావమ్మ ఫోను చెవిన పెట్టుకుంది. అవతలి మనిషి అరుస్తున్నాడు. ఐదో అంతస్తు మీటింగు హాల్లో కప్పులోంచి నీళ్ళు కారుతున్నాయి, బయటినుంచి వచ్చిన అతిథులు కింద లిఫ్టు దగ్గరున్నారు, వెంటనే మనుషుల్ని పంపమంటున్నాడు. ప్రతి మాటా తెలిసింది.

ఆమె ఫోను తిరిగి ఇచ్చేసింది. "నాకు రాదమ్మా," అంది.

"నీకు రాకపోవడమేంటక్కా?"

"రాదన్నా గదా. నేను తుడిచేదాన్ని. నువ్వు సూపర్‌వైజరువి. నువ్వే చూసుకో."

గుల్షన్ ఒక్క క్షణం అట్లాగే చూసింది. తర్వాత ఫోనులో "ఎస్ సార్, ఎస్ సార్" అంటూ, తనకి అందిన 'వాటర్' అన్న మాట పట్టుకుని మనుషుల్ని మూడో అంతస్తులోని తాగునీటి మిషన్ల దగ్గరికి పంపింది. ఈలోగా అతిథులు తడిసిన తివాచీ మీదికే నడిచారు.

మధ్యాహ్నం నాగేంద్రబాబు వచ్చి అందరి ముందూ గుల్షన్ని నిలబెట్టి తిట్టాడు. "తెలీకపోతే తెలిసినవాళ్ళనన్నా అడగాలి గదా! ఇంతమందిలో నీకు ఒక్కళ్ళు దొరకలేదా?" అని అరిచాడు. వెంకటరావమ్మ తుడుపుకర్ర గోడకి ఆనించింది. ఇప్పుడు గుల్షన్ తన పేరు చెబుతుంది, చెప్పనీ, చెబితే తనూ నాలుగు మాటలు అనొచ్చు, షెడ్డు దగ్గర మిగిలిపోయినవి కూడా అనేయొచ్చు అని చూసింది.

గుల్షన్ తలొంచుకుని, "నాదే తప్పు సార్," అంది.

వారం తిరక్కుండా బయటినుంచి ఎవరో కుర్రవాణ్ణి సూపర్‌వైజరుగా తెచ్చారు. గుల్షన్ కోటు ఇచ్చేసి మళ్ళీ రెండో అంతస్తుకి వచ్చింది. భోజనాల వేళకి మామూలుగా మెట్లకింద వెంకటరావమ్మ పక్కనే కూర్చుంది. మామూలుగానే గిన్నె మూత తీసి, గోంగూర సగం ఆమె అన్నంలో వేసింది. ఆ ఫోను సంగతి ఎత్తలేదు.

ఎత్తితే బాగుండునని వెంకటరావమ్మ కాచుకుని కూర్చుంది. గుల్షన్ తిని, చెయ్యి కడుక్కుని, తుడుపుకర్ర తీసుకుని వెళ్ళిపోయింది. వెంకటరావమ్మ కంచంలో అన్నం అట్లాగే ఉంది.